వెబ్‌సైటుకు ఎంతమంది వచ్చారు? – ఆ లెక్కను చదవడం ఎలా?



లెక్కకు ఉన్న విలువ ఏమిటో హాస్టల్‌లో చదివిన వారికి వేరే చెప్పనవసరం లేదు. హాజరు పట్టికలో ఎంతమంది ఉంటే అంతమందికే ఆ రోజు బియ్యం కొలుస్తారు, పప్పు కొలుస్తారు. సెలవు ముగించుకొని రాత్రి చివరి బస్సుకు దిగిన పదిమంది ఆ లెక్కలో పడకపోతే, మరునాడు సాంబారులో నీళ్ళు పెరుగుతాయి. తప్పు వంట మనిషిది కాదు, లెక్కది. అందుకే "తల లెక్క" అనే మాట మనకు చిన్నప్పుడే అర్థమైంది.

ఇప్పుడు మన ముందుకు మరో లెక్క వచ్చింది. మన వార్షికోత్సవ సంచికను అచ్చు వేయడంతో పాటు వెబ్‌సైటులో కూడా పెట్టాలని పూర్వ విద్యార్థులు కోరుతున్నారు. మంచి ఆలోచనే. అయితే వెబ్‌సైటు పెట్టిన మరుసటి రోజే అందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ఎంతమంది చూశారు?" ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతినే వెబ్ ట్రాఫిక్ విశ్లేషణ, లేదా వెబ్ అనలిటిక్స్ అంటారు. ఇందులోని ప్రాథమిక విషయాలను మనకు తెలిసిన ఉదాహరణలతో వివరించాలని సంపాదక బృందంలోని మేము ఈ ప్రయత్నం చేస్తున్నాము.

లెక్క ఎక్కడ పుడుతుంది?

వెబ్‌సైటు అనేది ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉంటుంది. దానిని సర్వర్ అంటారు. మనం ఫోనులో ఒక పేజీని తెరిచినప్పుడు "ఫలానా పేజీ పంపించు" అనే కోరిక ఆ సర్వర్‌కు చేరుతుంది. సర్వర్ పేజీని పంపుతూనే తన దగ్గర ఉన్న చిట్టాలో ఒక వరుస రాసుకుంటుంది. కోరిక ఏ చిరునామా నుంచి వచ్చింది, ఏ తేదీన ఎన్ని గంటలకు వచ్చింది, ఏ పేజీని అడిగింది, ఆ పేజీ దొరికిందా లేదా, అడిగింది ఏ రకం బ్రౌజర్ అనే వివరాలు అందులో ఉంటాయి. పేజీ సవ్యంగా దొరికితే 200 అనీ, లేకపోతే 404 అనీ రాసుకుంటుంది. ఈ చిట్టాను లాగ్ అంటారు. మన గేటు దగ్గర వాచ్‌మన్ రాసే సందర్శకుల పుస్తకం లాంటిదే ఇది.

రెండో పద్ధతిలో పేజీలోనే ఒక చిన్న ప్రోగ్రామును పెడతారు. పేజీ మన ఫోనులో తెరుచుకోగానే అది పనిచేసి, "ఇక్కడ ఒకరు చూస్తున్నారు" అని లెక్క కట్టే సంస్థకు కబురు పంపుతుంది. చాలాసార్లు మన బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న గుర్తును కూడా దాచిపెడుతుంది. అదే బ్రౌజర్ మళ్ళీ వస్తే ఆ గుర్తును చూసి "పాత వారే" అని తెలుసుకుంటుంది. గూగుల్ సంస్థ 2005లో అర్చిన్ అనే కంపెనీని కొని, అదే సంవత్సరం నవంబరులో గూగుల్ అనలిటిక్స్ పేరుతో ఈ సేవను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకు ముందు చాలా వెబ్‌సైట్ల అడుగున "ఇంతవరకు సందర్శించినవారు" అంటూ అంకెలు తిరిగే కౌంటర్ ఉండేది. నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని డబ్బు కట్టి కూర్చున్న రోజులు గుర్తున్న అన్నలకు ఆ కౌంటర్ కూడా గుర్తుండే ఉంటుంది. అలాంటి కౌంటర్లలో చాలావాటికి మనిషి తేడా తెలియదు. ఒకే మనిషి పదిసార్లు రిఫ్రెష్ కొడితే పదిమంది వచ్చినట్టు చూపేవి.

నాలుగు మాటలు – నాలుగు అర్థాలు

హిట్, పేజీ వ్యూ, విజిట్, విజిటర్ అనే నాలుగు మాటలను చాలామంది ఒకటే అనుకుంటారు. మన మెస్‌ను గుర్తు చేసుకుంటే వీటి మధ్య తేడా సులభంగా తెలుస్తుంది.

1. వడ్డించేటప్పుడు గరిటె ఎన్నిసార్లు తిరిగిందో అది హిట్. అన్నం ఒక గరిటె, పప్పు ఒక గరిటె, కూర ఒక గరిటె, మజ్జిగ ఒక గరిటె. ప్లేటు ఒక్కటే గాని హిట్లు నాలుగు. అలాగే ఒక వెబ్ పేజీలో రాత ఒక ఫైలు, ప్రతి ఫొటో ఒక ఫైలు. ఒక్క పేజీ తెరిస్తే ఇవన్నీ విడివిడిగా హిట్లు అవుతాయి.

2. ప్లేటు పట్టుకొని వరుసలో ఎన్నిసార్లు నిలబడ్డారో అది పేజీ వ్యూ. రెండోసారి వస్తే రెండో వ్యూ.

3. ఒక పూట భోజనానికి రావడం విజిట్. దీనినే సెషన్ అని కూడా అంటారు. గూగుల్ అనలిటిక్స్‌లో మామూలుగా 30 నిమిషాల పాటు ఏ కదలికా లేకపోతే ఆ విజిట్ ముగిసినట్టు లెక్క. ఆ తర్వాత మళ్ళీ వస్తే అది కొత్త విజిట్.

4. తిన్న విద్యార్థి విజిటర్. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా వచ్చినా విద్యార్థి ఒక్కడే.

"మా వెబ్‌సైటుకు లక్ష హిట్లు" అని ఎవరైనా గొప్పగా చెబితే, గరిటెలను లెక్కపెట్టి విద్యార్థుల సంఖ్య అన్నట్టే అవుతుంది. పేజీలో ఇంకో పది ఫొటోలు పెడితే చూసేవారు ఒక్కరు పెరగకపోయినా హిట్లు పెరుగుతాయి.

ఒక చిన్న లెక్క చేద్దాం

మన సంచిక వెబ్‌సైటుకు ఒక రోజు ఇలా జరిగిందని అనుకుందాం. పేజీ వ్యూలు 150. ఒక్కో పేజీలో 12 ఫైళ్ళు ఉంటే హిట్లు 1,800. విజిట్లు 60. అంటే ఒక్కో విజిట్‌లో సగటున రెండున్నర పేజీలు చూశారు. కుకీ గుర్తుల ప్రకారం విజిటర్లు 35.

మరి నిజంగా చూసిన మనుషులు ఎంతమంది? 35 అని చెప్పేయడం సులభం. కాని ఆ 35లో ఒకటి మన హాస్టల్ కంప్యూటర్. దాని ముందు ఆ సాయంత్రం ఒకరి తర్వాత ఒకరు 20 మంది కూర్చున్నారు. కుకీకి వారంతా ఒక్కరే. కాబట్టి 19 మంది లెక్కలో పడలేదు. మరోవైపు ఉద్యోగాల్లో ఉన్న ఐదుగురు అన్నలు ఆఫీసు కంప్యూటర్‌లో ఒకసారి, తమ ఫోనులో ఒకసారి చూశారు. వారిని పదిమందిగా లెక్కపెట్టింది. కాబట్టి 5 ఎక్కువ పడింది. 35కు 19 కలిపి 5 తీసేస్తే 49. అసలు మనుషులు 49 మంది.

ఈ చిన్న లెక్కలోనే ఈ విషయం సారమంతా ఉంది. యంత్రం లెక్కపెట్టేది మనుషులను కాదు, పరికరాలను. ఫోనూ ల్యాప్‌టాపూ రెండూ ఉన్నవాడు ఇద్దరవుతాడు. ఒక్క పరికరాన్ని పంచుకొనే ఇరవైమంది ఒక్కరవుతారు.

ఎక్కడి నుంచి వచ్చారు?

మన వికారాబాద్ ఒక రైల్వే జంక్షన్. సికింద్రాబాద్ వైపు నుంచి బండ్లు వస్తాయి. వాడి వైపు నుంచి తాండూరు మీదుగా వస్తాయి. పర్లి వైపు నుంచి బీదర్, జహీరాబాద్ మీదుగా వస్తాయి. ప్లాట్‌ఫారం మీద దిగినవారు ఏ దారిన వచ్చారో టికెట్టును బట్టి తెలుస్తుంది. వెబ్‌సైటుకు కూడా ముఖ్యంగా మూడు దారులున్నాయి. గూగుల్ లాంటి చోట వెతికి వచ్చేవారు ఒకటి. మరో వెబ్‌సైటులో ఉన్న లింకు నొక్కి వచ్చేవారు రెండు. చిరునామా నేరుగా కొట్టి వచ్చేవారు మూడు. ఈ మూడో రకాన్ని డైరెక్ట్ అంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాట్సాప్‌లో వచ్చిన లింకును నొక్కి వచ్చేవారు తాము ఎక్కడి నుంచి వచ్చారో చాలాసార్లు వెబ్‌సైటుకు తెలియదు. వారు కూడా డైరెక్ట్ ఖాతాలోనే పడిపోతారు. టికెట్టు లేకుండా దిగినవాడు ఎక్కడ ఎక్కాడో టి.సి.కి తెలియనట్టే! అందుకని లింకు చివర ఒక చిన్న తోక తగిలించి పంపుతారు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుకు పంపే లింకుకు ఒక తోక, కరపత్రం మీద వేసే లింకుకు మరో తోక పెడితే ఏ దారిన ఎందరు వచ్చారో తెలిసిపోతుంది. ఈ తోకలను యు.టి.ఎం. అంటారు. అందులోని మొదటి అక్షరం పైన చెప్పిన అర్చిన్ కంపెనీ పేరు నుంచే వచ్చింది.

వచ్చి వెంటనే వెళ్ళిపోయినవారు

తాండూరులో నాపరాయి వ్యాపారం చేసే ఒకాయన వెబ్‌సైటు పెట్టాడని అనుకుందాం. నీలం బండలు, పసుపు బండలు ఫొటోలతో సహా పెట్టాడు. నెలకు వెయ్యిమంది వస్తున్నారు గాని ఫోను చేసేవారు పదిమంది కూడా లేరు. కారణం ఏమై ఉంటుంది? ఇంగ్లీషు అక్షరాల్లో మన తాండూరు, రొట్టెలు కాల్చే తందూరు దాదాపు ఒకటే. రొట్టెల కోసం వెతికినవాడు బండల పేజీలో దిగి, ఒక్క క్షణం చూసి వెనక్కి పోతాడు. ఇలా వచ్చి వెంటనే వెళ్ళిపోయే విజిట్ల శాతాన్ని బౌన్స్ రేట్ అంటారు. ఇలాంటప్పుడు ఆ వ్యాపారి చేయవలసింది వెబ్‌సైటుకు రంగులు మార్చడం కాదు. పేజీ శీర్షికలోనే "తాండూరు నాపరాయి, ఇంటి ఫ్లోరింగు బండలు" అని స్పష్టంగా రాయడం.

అయితే బౌన్స్ రేట్ ఎక్కువగా ఉన్న ప్రతి పేజీ చెడ్డదని అనుకోరాదు. పదో తరగతి పరీక్షల టైం టేబుల్ పేజీ ఉందనుకోండి. విద్యార్థి వస్తాడు, తేదీ చూసుకుంటాడు, వెళ్ళిపోతాడు. అతని పని అయిపోయింది. అది ఆ పేజీ విజయమే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. మాట ఒకటే ఉన్నా దాని అర్థం మారుతూ ఉంటుంది. పాత గూగుల్ అనలిటిక్స్‌లో ఒకే పేజీ చూసి వెళ్ళిపోతే, అక్కడ అరగంట కూర్చొని చదివినా, మామూలుగా అది బౌన్స్ కిందే పడేది. ఆ పాత పద్ధతి 2023 జూలై నుంచి ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన జి.ఎ.4 పద్ధతిలో 10 సెకన్లకు మించి చూసినా, రెండు పేజీలు తెరిచినా, మనం ముఖ్యమని గుర్తు పెట్టిన పని చేసినా అది బౌన్స్ కాదు. కాబట్టి 2022 నాటి బౌన్స్ శాతాన్ని, 2024 నాటి శాతాన్ని పక్కపక్కన పెట్టి "మనం బాగుపడ్డాం" అని చెప్పడం సరికాదు. శేరుతో కొలిచిన ధాన్యాన్ని, కిలోతో తూచిన ధాన్యాన్ని పోల్చినట్టు అవుతుంది.

సగటు చేసే మోసం

ఒక నెలలో మన వెబ్‌సైటుకు 3,100 పేజీ వ్యూలు వచ్చాయని, అందులో 2,200 వార్షికోత్సవం నాడే వచ్చాయని అనుకుందాం. సగటు తీస్తే రోజుకు 103. కాని మిగతా 29 రోజులకు వచ్చినవి 900 మాత్రమే. అంటే రోజుకు 31. "రోజుకు వంద" అనేది నిజంగా ఏ రోజూ జరగని విషయం.

పదో తరగతి ఫలితాల రోజు దీనికి పెద్ద ఉదాహరణ. మన రాష్ట్రంలో ఏటా దాదాపు 5 లక్షల మంది ఆ పరీక్షలు రాస్తారు. ఫలితం విడుదలైన నిమిషంలోనే అందరూ ఒకేసారి తలుపు తడతారు. ఒకే హాల్ టికెట్ నంబరును విద్యార్థి, వాళ్ళ అన్న, మేనమామ, ట్యూషన్ సారు అందరూ కొట్టి చూస్తారు. ఏడాది సగటును చూసి సర్వర్ సిద్ధం చేసుకుంటే ఆ రోజు పేజీ తెరుచుకోదు. అలాంటి చోట చూడవలసింది సగటు కాదు, ఒకే నిమిషంలో వచ్చే గరిష్ఠ సంఖ్య.

మనుషులు కాని సందర్శకులు

తనిఖీకి వచ్చిన అధికారి హాస్టల్‌లోని గదులన్నీ తిరిగి చూస్తారు. అంతమాత్రాన ఆయనను విద్యార్థిగా హాజరు పట్టికలో రాయం కదా. వెబ్‌సైట్లకు కూడా ఇలా తిరిగేవి ఉన్నాయి. వాటిని బాట్లు అంటారు. వెతుకులాట సంస్థలు తమ జాబితా కోసం పంపే ప్రోగ్రాములు పేజీ తర్వాత పేజీ చూసుకుంటూ పోతాయి. కృత్రిమ మేధకు కావలసిన సమాచారం కోసం తిరిగేవి కూడా ఇప్పుడు వచ్చి చేరాయి. కొన్ని తమ పేరు చెబుతాయి, కొన్ని మనుషుల వేషంలో వస్తాయి. రాత్రి రెండు గంటలకు నిమిషంలో 300 పేజీలు "చదివిన" వారు ఉన్నారంటే వారు మన పూర్వ విద్యార్థులు కారని తెలుసుకోవాలి.

తెలుగు వికీపీడియాలో మనమే చూడవచ్చు

ఇదంతా చదివి ఊరుకోకుండా చేతితో చేసి చూడడానికి ఒక మంచి చోటు ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వికారాబాద్ గురించి, తాండూరు గురించి, మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల గురించి, మన జిల్లాలోని అనేక ఊళ్ళ గురించి వ్యాసాలు ఉన్నాయి. వాటికి ఎన్ని వ్యూలు వచ్చాయో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఏ వ్యాసాన్నైనా తెరిచి, పరికరాల జాబితాలో "పేజీ సమాచారం" నొక్కితే గత 30 రోజుల వీక్షణల సంఖ్య కనిపిస్తుంది. 2015 జూలై నుంచి ఉన్న లెక్కలు కూడా రోజువారీగా దొరుకుతాయి. మనుషుల వీక్షణలను, బాట్ల వీక్షణలను అక్కడ వేరు చేసి చూపిస్తారు.

తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నెలలో తాండూరు వ్యాసం వీక్షణలు ఎలా ఉన్నాయి? వానాకాలం ఆదివారాల్లో అనంతగిరి వ్యాసం వీక్షణలు పెరుగుతాయా? తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ రెండు గ్రాఫులు గీసి గోడపత్రికలో పెడితే అదే మంచి ప్రాజెక్టు అవుతుంది.

అన్నిటికంటే మాకు నచ్చిన విషయం వేరే ఉంది. వికీపీడియాను నడిపే సంస్థ మనిషికొక గుర్తు సంఖ్య ఇవ్వకుండా, ఈ బ్రౌజర్ చివరిసారి ఏ తేదీన వచ్చిందో మాత్రమే కుకీలో రాసి లెక్క కడుతుంది. అలా వచ్చిన సంఖ్యకు "ఇంతమంది పాఠకులు" అని పేరు పెట్టలేదు. "ఇన్ని పరికరాలు" అని పేరు పెట్టింది. తాను దేనిని లెక్కపెట్టిందో దానినే చెప్పడం నిజాయితీ.

లెక్కలో పడనివారు

ఈ నిజాయితీ ఎందుకు అవసరమో మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? 2011లో మీ సేవ కేంద్రాలు మొదలైనప్పటి నుంచి కులం, ఆదాయం ధ్రువపత్రాల కోసం మనం అక్కడికే వెళుతున్నాం. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు నెట్ సెంటర్‌కు వెళుతున్నాం. ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక్క ఆపరేటర్ రోజంతా యాభై అరవైమంది పనులు చేస్తాడు. కుకీని నమ్ముకున్న లెక్కలో వీరంతా కలిసి ఒక్క విజిటర్. 2016లో జియో వచ్చి డేటా చవకైన తర్వాత కూడా ఇంటికి ఒకే ఫోను ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ ఫోను పగలు నాన్నతో పొలానికి పోతుంది, రాత్రి ముగ్గురు పిల్లల చేతులు మారుతుంది. సిగ్నల్ సరిగా అందని తండాలో పేజీ సగం తెరుచుకొని ఆగిపోతే, లెక్క కట్టే ప్రోగ్రాము పనిచేయకముందే విద్యార్థి విసుగు పుట్టి మూసేస్తాడు. అతను వచ్చినట్టు ఆ లెక్కకు తెలియనే తెలియదు.

ఇప్పుడు ఒక ఆఫీసులో కూర్చున్నవారు ఈ నివేదికను చూసి "తెలుగు పేజీని వాడేవారు తక్కువగా ఉన్నారు, తీసేద్దాం" అనో, "అందరి దగ్గరా పెద్ద ఫోన్లే ఉన్నాయి, పేజీ బరువు పెంచుదాం" అనో నిర్ణయిస్తే నష్టపోయేది ఎవరు? లెక్కలో లేనివారే. హాజరు పట్టికలో పేరు లేనివాడికి పళ్ళెంలో అన్నం తగ్గినట్టే ఇక్కడా జరుగుతుంది. అందుకే మనలో రేపు కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్ళేవారు, ఆఫీసుల్లో నివేదికలు రాసేవారు ఏ సంఖ్యను చూసినా మూడు ప్రశ్నలు వేయాలి.

1. ఇది దేని లెక్క? హిట్లా, వ్యూలా, విజిట్లా, పరికరాలా?
2. ఇందులో ఎక్కువగా పడింది ఎవరు? బాట్లా, రెండు ఫోన్లవారా?
3. ఇందులో పడనివారు ఎవరు?

మొదటి రెండు ప్రశ్నలను ఎవరైనా నేర్పుతారు. మూడోది మాత్రం హాస్టల్‌లో పెరిగినవారికి తమంతట తామే తోచాలి.

పిల్లల విషయంలో జాగ్రత్త

మన వెబ్‌సైటును చూసేవారిలో ఎక్కువమంది 18 ఏళ్ళ లోపువారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల కదలికలను వెంటాడి గమనించడాన్ని, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తూ నిబంధన పెట్టింది. కాబట్టి మన వెబ్‌సైటుకు ఏ పేజీకి ఎన్ని వ్యూలు అనే లెక్క చాలు. ఎవరు ఏమి చూశారనే లెక్క మనకు వద్దు.

అసలు మనకు కావలసిందేమిటి?

చివరిగా ఒక మాట. వ్యూలు పెరగడమే లక్ష్యం కాదు. మార్కెట్ యార్డులో కందుల రాశి చుట్టూ తిరిగి చూసేవారు వందమంది ఉండవచ్చు, కొనేవారు పదిమందే. ఎందుకు వెబ్‌సైటు పెట్టామో ఆ పని ఎంతవరకు జరిగిందో చూడాలి. దీనిని కన్వర్షన్ అంటారు. మనం వెబ్‌సైటులో "పాత పుస్తకాలు పంపుతాను", "ఇంటర్ తర్వాత ఏ కోర్సులో చేరాలో తమ్ముళ్ళకు చెబుతాను" అని రాసే ఒక ఫారం పెట్టామనుకోండి. 60 విజిట్లలో 6 ఫారాలు వస్తే అది 10 శాతం. కాని ఆ ఆరుగురిలో ఒక్కరు నిజంగా ఫోను చేసి ఒక్క తమ్ముడికి దారి చూపిస్తే, ఆ సంగతి ఏ గ్రాఫులోనూ కనిపించదు.

అందుకని మన వెబ్‌సైటు మొదలైన తర్వాత నెలకొకసారి ఈ లెక్కలను నోటీసు బోర్డు మీద పెట్టాలని మేము కోరుతున్నాము. "ఇన్ని పరికరాలు, ఇన్ని విజిట్లు, ఇన్ని ఫారాలు" అని రాయాలి. దాని కింద ఒక ఖాళీ గీత ఉంచాలి. హాస్టల్ కంప్యూటర్ ముందు కూర్చొని చూసినవారు ఆ గీత మీద చేతితో తమ సంఖ్య రాయాలి. యంత్రం వదిలేసిన వారిని మనమే లెక్కలోకి తెచ్చుకుందాం.